విసిరే వైపు చూడకూడదట

తాడేపల్లిగూడెం,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కకి, బావకి, అమ్మకి నమస్కారాలు పెట్టి పైడి రాస్తున్నది.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. ఒక్కసారి రాస్తే నువ్వు నమ్మవని తెలుసు కాబట్టి మళ్ళీ రాస్తున్నాను, బాగానే ఉన్నాను. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? చంటిదానికి జ్వరం తగ్గిందా? బావ పొలం పనికి వేళకి వెళ్తున్నాడా, లేక నువ్వు అరిచాకే వెళ్తున్నాడా? అందరి సంగతులూ విడివిడిగా రాయి. నీ ఉత్తరంలో సగం తిట్లే ఉంటాయి, అయినా పరవాలేదు, రాయి.

ఫోన్ ఉండగా ఈ కాగితాలేమిటని అనుకుంటావు. హాస్టల్లో ఆదివారం ఒక్కపూటే ఫోన్లు ఇస్తారు. వరండాలో గోడకి ఆనుకుని అందరం వరసగా కూర్చుని మాట్లాడాలి. నేను మాట్లాడే ప్రతి మాటా పక్క పిల్లకి వినబడుతుంది. పైగా నేను ఒక ముక్క చెబితే నువ్వు నాలుగు ప్రశ్నలు వేస్తావు. ఈ సంగతి మొదటినుంచీ చివరిదాకా ఆపకుండా చెప్పాల్సింది. అందుకని ఉత్తరం. చివరిదాకా చదివాకే కోప్పడు.

ఇక్కడ ఎటు చూసినా నీళ్ళే అక్కా. మనకి నీళ్ళంటే కొండ మీంచి దిగి గెడ్డలో పారిపోయేవి. ఇక్కడ నీళ్ళు కదలకుండా నిలబడి ఉంటాయి. చేను పక్క కాలవ, కాలవ పక్క చేపల చెరువు, చెరువు పక్క మళ్ళీ చేను. కొల్లేరు వైపునుంచి గాలి వీస్తే చేపల వాసన, ఊళ్ళోంచి వీస్తే ఉల్లిపాయల మార్కెట్టు వాసన. ఉదయం ఆరేసిన బట్ట సాయంత్రానికి కూడా చల్లగానే ఉంటుంది. దోమల సంగతి అమ్మకి చెప్పకు. అన్నం మాత్రం అడిగినంత పెడతారు. ఒకరోజు చోడి అంబలి, వీళ్ళ మాటలో రాగి జావ, ఉంటే బాగుండునని అన్నాను. వంట చేసే మంగతాయారు గారు గరిట పక్కన పెట్టి, "అయ్యో, ఒంట్లో బాగోలేదాండీ? మాత్ర ఏవైనా వేసుకున్నారాండీ?" అన్నారు. ఇంక మళ్ళీ అడగలేదు.

ఈ మాట తీరే నాకింకా ఒంటబట్టలేదు. ఇక్కడ అందరూ అందరినీ 'అండీ' అంటారు. తిట్టినా 'అండీ' అనే తిడతారు. మా వార్డెన్ మేడం మొన్న, "ఏవండీ పైడితల్లి గారూ, గది ఊడవడం మీకు నామోషీయాండీ?" అన్నారు, నవ్వుతూ. నేనూ నవ్వాను. అది తిట్టని మా గది పిల్ల దివ్య చెప్పేదాకా నాకు తెలియలేదు. మన ఊళ్ళో కోపం వస్తే వీధి చివరికి వినబడుతుంది, మనం జాగ్రత్త పడతాం. ఇక్కడ ఎవరికి కోపమొచ్చిందో, ఎవరికి జాలి వేసిందో పోల్చుకోలేక రోజంతా మొహాలు చూస్తూ కూర్చుంటున్నాను. స్టేషన్లో రైలు కదులుతుంటే నువ్వు కిటికీ పట్టుకుని, "నవ్వుతూ దగ్గిరికొచ్చినోళ్ళకి ఏటి కావాలో ముందు కనుక్కోవే" అన్నావు చూడు, ఈ ఊళ్ళో అందరూ నవ్వుతూనే దగ్గరికి వస్తారే. ఎంతమంది సంగతి కనుక్కోను?

ఇంతకీ నేను ఆడే ఆట ఏమిటని అమ్మ మళ్ళీ అడిగిందన్నావు. అమెరికన్ ఫుట్‌బాల్. మేము ఆడేదాంట్లో కాలితో తన్నడం అసలు లేదు. బంతి గుండ్రంగా ఉండదు, రెండు కొసలూ మొన తేలి ఉంటాయి, ఒక పక్క తోలు మీద దారపు కుట్లు ఉంటాయి. టీవీలో మగవాళ్ళు ఒకరిమీద ఒకరు పడతారు కానీ మాకు అది లేదు, అమ్మని భయపడొద్దను. నడుముకి రెండు పక్కలా రిబ్బన్లు వేలాడుతుంటాయి. బంతి పట్టుకున్నవాళ్ళ రిబ్బను అవతలివాళ్ళు లాగేస్తే ఆట అక్కడితో ఆగుతుంది. జట్టులో ఒకరు వెనక నిలబడి బంతి అందుకుని, ముందుకు పరిగెత్తేవాళ్ళలో ఒకరికి విసరాలి. వాళ్ళు దాన్ని పట్టుకుని అవతలి గీత దాటాలి. అలా విసిరే మనిషిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. జట్టుకి ఒక్కరే ఉంటారు. గొడవంతా ఆ 'ఒక్కరే' దగ్గర వచ్చింది.

మా పి.డి. సార్ సూర్యనారాయణ గారు విజయనగరంలో నా జావెలిన్ విసురు చూసి ఇక్కడి కాలేజీలో సీటు ఇప్పించారని నీకు తెలుసు. జట్టులో ఉన్నంతకాలమే హాస్టల్లో చోటు అని కూడా తెలుసు. నీకు తెలియనిది ఒకటుంది. నేను వచ్చిన మర్నాడు గ్రౌండులో అడుగుపెట్టేసరికి అక్కడ క్వార్టర్‌బ్యాక్ అప్పటికే ఉంది.

పేరు సత్యవేణి. నాకంటే రెండేళ్ళు పెద్ద తరగతి. గణపవరం దగ్గర వాళ్ళ ఊరు, చేలూ చేపల చెరువూ ఉన్న ఇల్లు. పొడుగు కాళ్ళ మనిషి, జడ పైకి మడిచి పిన్నులు పెట్టుకుంటుంది. నన్ను చూడగానే ఎదురు వచ్చింది.

"మీరేనాండీ పైడితల్లి గారు? సార్ చెప్పారండీ. మీ చెయ్యి చాలా దూరం వెళ్తుందంట కదండీ!"

"బంతి వెళ్తుంది. చెయ్యి నా దగ్గరే ఉంటుంది" అన్నాను.

పగలబడి నవ్వింది. అంత నవ్వాల్సిన మాట కాదే అనుకున్నాను. నాకంటే పెద్దది, నన్ను 'మీరు' అంటోంది, నేను దాని చోటుకి వచ్చానని తెలిసీ నవ్వుతోంది. నా బుర్రలో అనుమానం అప్పుడే మొదలైంది.

మర్నాడు, "పొద్దున్నే వస్తారాండీ, నాకు తెలిసిన డ్రిల్సు నేర్పుతానండీ" అంది. వద్దంటే పొగరు అంటారని వెళ్ళాను. దివ్యది పెదవేగి, వాళ్ళ నాన్న పామాయిలు తోటలో ట్రాక్టరు నడుపుతాడు. మంచి పిల్ల. ఆ సాయంత్రం తలుపు వేసి, గొంతు తగ్గించి, "ఊరికే ఎవరు నేర్పుతారండీ? ఆవిడ చోటు మీకు ఎందుకు ఇస్తుందండీ? చూసుకోండి మరి" అంది. నువ్వే వచ్చి గదిలో కూర్చుని మాట్లాడినట్టు అనిపించింది నాకు.

రెండో వారం సత్యవేణి ఇంటినుంచి సున్నుండలు తెచ్చి డబ్బా నా చేతిలో పెట్టింది. నేను తినలేదు. దివ్యకి ఇచ్చాను. దివ్య రెండు తిని, ఇంకోటి తీసుకుని, హాయిగా చదువుకుంటూ కూర్చుంది. తెల్లారాక కూడా బాగానే ఉంది. అప్పుడు మిగిలినవి నేను తిన్నాను. నెయ్యి బాగా పోశారు. అమ్మ చేసినంత బాగా లేవు అని రాయాలని ఉంది కానీ బాగున్నాయి.

నేర్పడం మాత్రం గట్టిగానే నేర్పింది. అది నేను కాదనను. తెల్లారగానే గ్రౌండులో మేమిద్దరమే. గడ్డి తడిగా ఉంటుంది, చేలమీంచి కొంగలు లేచి పోతుంటాయి. కుడి మోకాలు నేలకి ఆనించి కూర్చుని విసరమంటుంది. కాళ్ళ బలం వాడకూడదు, నడుమూ భుజమూ మణికట్టూ మాత్రమే పని చెయ్యాలి. బంతి అరచేతికి అంటుకోకూడదు. వేళ్ళ కొసలు కుట్ల మీద ఉండాలి, అరచేతికీ బంతికీ మధ్య వెలుతురు కనబడాలి. అది కుదిరాక అడుగులు. బంతి చేతికి అందగానే మూడడుగులు వెనక్కి వేసి, వెనక కాలు గట్టిగా నాటి, అదే ఊపులో విసరాలి. తర్వాత ఐదడుగులు. నేల వైపు చూశానో, "కింద ఎవరూ లేరండీ" అనేది. వాళ్ళ నాన్నగారు పంపిన పాత ట్రాక్టరు ముందు టైరొకటి గోలు స్తంభానికి వేలాడదీశారు. నిలబడి విసిరితే బంతి అందులోంచి పోవాలి, పక్కకి నడుస్తూ విసిరినా పోవాలి, పరిగెడుతూ విసిరినా పోవాలి. అన్నీ అయ్యాక బకెట్టు నీళ్ళలో బంతిని ముంచి చేతికిచ్చేది. "ఇక్కడ వాన చెప్పి రాదండీ. తడి బంతి అలవాటు అవ్వాలండీ" అనేది. ఆ బకెట్టు కుళాయి దగ్గరనుంచి మొయ్యడం నా పని.

అన్నిటికంటే నాకు రానిది కళ్ళ పని. "విసిరే వైపు చూడకూడదండీ" అంది. "మీరు ఎటు చూస్తే అవతలివాళ్ళు అటు పోతారండీ. ఎడం పక్క చూస్తూ ఉండండి, వాళ్ళు అటు కదలగానే కుడి పక్కకి వేసెయ్యండి. కళ్ళతో అబద్ధం ఆడాలండీ." నేను ఎంత ప్రయత్నం చేసినా ఎటు విసరబోతున్నానో అటే చూసేదాన్ని. ఎలా చెయ్యాలో చూపిస్తానని తను విసిరింది. కళ్ళు కుడి పక్కకే ఉన్నాయి, పెదాల మీద నవ్వు కూడా అటే తిరిగి ఉంది. బంతి మాత్రం నా ఎడం చెవి పక్కనుంచి ఈల వేసుకుంటూ పోయింది. నువ్వే చెప్పు అక్కా. ఇంత బాగా కళ్ళతో అబద్ధం ఆడే మనిషి నాతో మాట్లాడేదంతా నిజమని ఎలా నమ్మేది?

తర్వాత నా చెయ్యి మీద పడింది. జావెలిన్‌కి చెయ్యి పూర్తిగా వెనక్కి చాపి విసురుతాం కదా, నా దూరమంతా ఆ చాపులోనే ఉంది. సార్ నన్ను తెచ్చింది ఆ దూరం కోసమే. సత్యవేణి నా మోచెయ్యి పట్టుకుని, "ఇంత వెనక్కి తీసుకెళ్ళకండి. చెవి పక్కనుంచే వదిలెయ్యాలండీ. మీరు చెయ్యి చాపేలోగా వాళ్ళొచ్చి రిబ్బను లాగేస్తారండీ" అంది. సరేనని అలాగే చేశాను. బంతి సగం దూరంలో పడటం మొదలైంది. వారం చూసి సార్ నన్ను పిలిచారు.

"ఏమ్మా, గూడెం నీళ్ళు పడలేదా నీకు? విజయనగరంలో చూసిన చెయ్యి ఇదేనా?"

తల వంచుకుని నిలబడ్డాను. కొంచెం దూరంలో సత్యవేణి టైరు తాడు బిగిస్తూ మా వైపే చూస్తోంది. అప్పుడు నాకంతా తేటతెల్లమైపోయినట్టు అనిపించింది. నా దగ్గరున్నది దూరం ఒక్కటే. దాన్ని ముందు తీసేస్తే, ఇంక నన్ను తీసెయ్యడం ఎంతసేపు?

అది చాలదన్నట్టు, రెండు రోజుల తర్వాత బంతుల సంచి ఇచ్చెయ్యడానికి స్పోర్ట్స్ రూమ్‌కి వెళ్ళాను. తలుపు ఓరగా ఉంది. లోపల సత్యవేణి గొంతు. "ఆవిడ సంగతి నేను చూసుకుంటానండీ సార్. ఏలూరు మ్యాచ్‌కి ముందే తేలిపోతుందండీ." సార్, "సరే, నీ ఇష్టం. తేడా వస్తే నీదే బాధ్యత" అన్నారు. సంచి గుమ్మంలో పెట్టి వచ్చేశాను. నా సంగతి చూసుకోవడమేమిటి? ఏమిటి తేలేది? హాస్టల్ ఖాళీ చేసి, పెట్టె నెత్తిన పెట్టుకుని నీ గుమ్మంలో దిగినట్టు, ఊళ్ళోవాళ్ళు ఏమిటేమిటని అడిగినట్టు ఊహించుకుంటూ పడుకున్నాను.

అందుకని నేనొక పరీక్ష పెట్టాను. తిట్టకు. మర్నాడు ప్రాక్టీసు అయ్యాక సత్యవేణితో ఒక్కదానితోనే, "నా భుజం నొప్పి పెడుతోంది, ఎవరికీ చెప్పకు" అన్నాను. నొప్పీ లేదు, ఏమీ లేదు. నా చెడు కోరేదైతే వెళ్ళి సార్‌కి చెబుతుంది, లేకపోతే ఊరుకుంటుంది అనుకున్నాను. "అయ్యో, అలాగేనండీ" అంది. ఆ సాయంత్రమే సార్ నన్ను పిలిచి, "భుజం బాగుపడేదాకా బంతి ముట్టుకోవద్దు. పక్కన కూర్చుని చూడు" అన్నారు.

చూశావా అని నాకు నేనే అనుకున్నాను. కోపంతో పాటు నేను అనుకున్నదే నిజమైందని ఒక తృప్తి కూడా వేసింది.

అలా కొన్ని రోజులు గట్టు మీద కూర్చున్నాను. చేతిలో పని లేకపోతే కళ్ళకి పని దొరుకుతుంది కదా, సత్యవేణి మీదనుంచి చూపు తిప్పలేదు. ఎక్కడ తప్పు చేస్తుందా అని చూశాను. తప్పేమీ చెయ్యలేదు. దాని చెయ్యి నా అంత బలమైంది కాదు కానీ వేసిన చోట పడుతుంది. ఇంకొకటి మాత్రం కనబడింది, దానికి అర్థమేమిటో అప్పుడు తోచలేదు. బంతి చెయ్యి వదిలాక ప్రతిసారీ దాని కాళ్ళు రెండడుగులు ముందుకు పడేవి, బంతి వెనకాలే వెళ్ళిపోబోతున్నట్టు. మళ్ళీ ఆగేది. అవతల పిల్ల బంతి పట్టుకుంటే చప్పట్లు కొట్టేది కానీ, మొహం మాత్రం ఇంకొకరి విస్తరి చూస్తున్నట్టు ఉండేది. సార్ పిలిస్తే వెనక్కి వచ్చి మళ్ళీ తన చోట నిలబడేది.

నొప్పి తగ్గిందని చెప్పి నేను మళ్ళీ దిగాను. తర్వాత శనివారం ఏలూరులో మ్యాచ్, అక్కడి ఇంకో కాలేజీ జట్టుతో. కాలేజీ బస్సులో వెళ్ళాం. దారి పొడుగునా చెరువులు, వాటిలో చేపలకి గాలి అందించే ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి, పైన ఆకాశం నల్లగా ఉంది. సగం దారిలో సార్ లేచి నిలబడి చెప్పారు. "ఇవాళ పైడితల్లి విసురుతుంది. సత్యవేణి ముందు పరిగెడుతుంది."

బస్సంతా నా వైపు తిరిగింది. దివ్య కూడా మా జట్టులోనే ఉంది. నా చెవి దగ్గరికి వంగి, "వాన పడేలా ఉందండీ. తడి బంతి. ఇవాళే మిమ్మల్ని ఎందుకు పెట్టారంటారు?" అంది. నేనూ అదే అనుకుంటున్నాను. ఓడిపోతే నా వల్ల అవుతుంది. తర్వాత వారం తన చోటు తనకి వస్తుంది, సార్ కూడా నాకు ఒక అవకాశం ఇచ్చి చూశానని అనుకుంటారు. సత్యవేణి కిటికీ పక్కన కూర్చుని ఉంది. మొహం చూశాను. సంతోషంగా ఉంది, అక్కా. చోటు పోయిన మనిషి అంత సంతోషంగా ఎందుకు ఉంటుంది?

ఆట మొదలవగానే వాన వచ్చింది. నేను ఒకటే నిర్ణయం చేసుకున్నాను, నా చెయ్యి నాది, పాత పద్ధతిలోనే విసురుతాను, సత్యవేణికి మాత్రం వెయ్యను. మొదటిసారి చెయ్యి వెనక్కి చాపేసరికి అవతలి పిల్ల పరిగెత్తుకొచ్చి రిబ్బను లాగేసింది. రెండోసారీ అంతే. మూడోసారి త్వరగా విసిరాను కానీ, ఎటు విసరబోతున్నానో నా కళ్ళు ముందే చెప్పేశాయి. వాళ్ళ పిల్ల మధ్యలో బంతి ఎగరేసుకుపోయి గీత దాటింది. ప్రతిసారీ కుడివైపు అంచున సత్యవేణి చెయ్యెత్తి నిలబడి ఉంది, చుట్టూ ఎవరూ లేకుండా. నేను ప్రతిసారీ చూశాను. ప్రతిసారీ వెయ్యలేదు.

విరామంలో అందరూ రేకుల షెడ్డు కిందికి పోయారు. సత్యవేణి నా దగ్గరికి వచ్చింది. మొహం మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఏవండీ, నాకెందుకు వెయ్యట్లేదండీ? ఖాళీగానే ఉన్నాను కదండీ!"

నాకు మన భాష వచ్చేసింది. "నీకెందుకెయ్యాల? సార్ కాడ ఏటి మాటాడినావు? నా సంగతి ఏటి చూసుకుంటావు నువ్వు? నా చెయ్యి ఎందుకు మార్పించినావు? భుజం నొప్పని నీ ఒక్కదానికే చెప్పినాను, సార్‌కి ఎలా తెలిసింది?"

నవ్వు లేకుండా దాని మొహం అదే మొదటిసారి చూశాను.

"అదాండీ..." అంది. "మిమ్మల్ని క్వార్టర్‌బ్యాక్‌గా పెట్టమని సార్‌ని అడిగానండీ. కొత్త పిల్ల, ఇంకా కుదర్లేదు అన్నారండీ. మ్యాచ్‌లోపు కుదిరేలా నేను చూసుకుంటానన్నానండీ. అంతేనండీ."

"నీ చోటు నాకెందుకిస్తావు? పిచ్చా?"

"నాకు ఆ చోటు వద్దండీ." "ఇంటర్లో ఉండగా ఒక క్యాంపుకి వెళ్ళానండీ. అక్కడ ఎవరో విసిరితే పరిగెడుతూ పట్టుకున్నానండీ. వెనక్కి కూడా చూళ్ళేదు, ఇలా చేతులు చాపితే వచ్చి పడిందండీ. ఆ ఒక్కదాని కోసం ఈ ఆటలోకి వచ్చానండీ. ఇక్కడికొచ్చాక విసరగలిగేది నువ్వొక్కదానివే అని నన్ను వెనక నిలబెట్టేశారండీ. రెండేళ్ళనుంచీ అందరికీ వేస్తూనే ఉన్నానండీ. నేను విసిరింది నేను పట్టుకోలేను కదండీ?"

షెడ్డు రేకుల మీద వాన చప్పుడుకి దగ్గరికి జరిగి అడిగాను.

"మరి భుజం?"

"నొప్పితో విసిరితే చెయ్యి పోతుందండీ. మీ చెయ్యి పోతే నాకు మళ్ళీ ఎవరు వేస్తారండీ?"

అక్కా, నా మీద ప్రేమతో చేశానని అని ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. దానికి కావలసింది ఒకటుంది, అది నా చెయ్యి. అది నాకు అర్థమైంది. రోజులతరబడి వెతికింది దొరికినట్టయింది.

సార్ ఈల ఊదారు. వెళ్తూ వెళ్తూ సత్యవేణి నా పక్కకి వచ్చి, "నేను తిన్నగా పరిగెత్తి, చటుక్కున బయటికి తిరుగుతానండీ. నేను తిరిగేదాకా ఆగకండి. తిరగకముందే వేసెయ్యండి. లేకపోతే వాళ్ళు అందుకుంటారండీ" అంది.

"నువ్వు తిరక్కపోతే?"

"తిరుగుతానండీ."

బంతి చేతికి వచ్చింది. తడిగా, జారుతూ. మూడడుగులు వెనక్కి వేశాను. ఎడం పక్క దివ్య పరిగెడుతోంది, దాన్నే చూశాను, దానికే వేస్తానన్నంత గట్టిగా చూశాను. వాళ్ళ పిల్లలిద్దరు అటు మళ్ళారు. చెయ్యి వెనక్కి చాపలేదు. చెవి పక్కనుంచి వదిలేశాను, కుడివైపు, ఎవరూ లేని గడ్డి మీదికి. సత్యవేణి వీపు ఇంకా నా వైపే ఉంది. బంతి గాల్లో ఉండగానే, ఎవరూ లేని చోటికి విసిరేశానని మా జట్టు పిల్ల ఎవరో అరిచింది. అప్పుడు సత్యవేణి తిరిగింది. తల ఎత్తకుండానే చేతులు చాపింది, బంతి వచ్చి అందులో పడింది. ఇంక ఆగలేదు. ఆ పొడుగు కాళ్ళతో బురద ఎగజిమ్ముకుంటూ గీత దాటి, దాటాక కూడా పరిగెడుతూనే ఉంది. గోడ అడ్డం వచ్చాక ఆగింది. అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని బంతిని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. నేను దగ్గరికి వెళ్ళేసరికి, "ఇంకోటి వెయ్యండీ" అంది.

వేశాను. వేస్తూనే ఉన్నాను. అయినా ఓడిపోయాం, మొదటి సగంలో నేను పోగొట్టింది తిరిగి రాలేదు. సార్ పెద్దగా ఏమీ అనలేదు. "నీ చెయ్యి చాపు చిన్నదైంది, బంతి త్వరగా వెళ్తోంది. దూరం అదే వస్తుందిలే. వచ్చేవారం కూడా నువ్వే" అన్నారు. కాబట్టి హాస్టల్ గురించి బెంగ పెట్టుకోకు. నేను ఇప్పట్లో నీ గుమ్మంలో దిగను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సత్యవేణి పక్కన కూర్చున్నాను. మనసులో ఉంచుకోలేక, "నాకు భుజం నొప్పి లేదు. నిన్ను పరీక్షించాలని అబద్ధం చెప్పాను" అన్నాను.

"తెలుసండీ" అంది. "నొప్పి ఉన్నవాళ్ళు ఆ చేత్తో నిండు బకెట్టు మొయ్యరండీ."

"మరి తెలిసీ సార్‌కి ఎందుకు చెప్పావు?"

"మీరు కాస్త కూర్చుని చూస్తే నా అడుగులు పట్టుబడతాయనండీ."

"చెయ్యి పోతుందని భయపడ్డానన్నావు?"

"అదీ నిజమేనండీ" అని కిటికీ వైపు తిరిగిపోయింది. ఈ రెండు మాటలూ ఒకదానితో ఒకటి ఎలా కుదురుతాయో నాకింకా తెలియలేదు. దీని మీద మాత్రం నాకు కొంచెం అనుమానం ఉంది. నువ్వు చదివి ఏమనిపించిందో రాయి.

ఇంక నాకు కావలసినవి. నా పాత నూలు తువ్వాలు పంపు, ఇక్కడి తువ్వాళ్ళు చెమట పీల్చవు. చోడిపిండి కొద్దిగా పంపు. మంగతాయారు గారికి జబ్బు మందు కాదని నేనే కాచి చూపిస్తాను. చంటిదాని ఫొటో ఒకటి పెట్టు. అమ్మని మోకాలికి కాపడం మానొద్దని చెప్పు. నేను వేళకి తింటున్నాను, వేళకి పడుకుంటున్నాను, ఎవరితోనూ గొడవ పడటం లేదు. పడింది ఒక్కటే, అది పైన రాశాను. పెద్దమ్మకీ, చిన్నాన్నకీ, వీధి చివరి మేష్టారికీ నా నమస్కారాలు. చంటిదానికి ముద్దులు. మీరందరూ నా మంచి కోరి దీవిస్తూ ఉండండి, ఇక్కడ నేను గట్టిగా నిలబడతాను.

ఒక మాట మర్చిపోయాను. సెలవులకి నాతోపాటు మన ఊరు వస్తానంటోంది సత్యవేణి. కొండలు చూడాలట. ఎందుకని నేను అడగలేదు. వస్తే నువ్వూ అడగకు, ముందు అన్నం పెట్టు.

ఇట్లు,
మీ ఆశీస్సులు కోరే చెల్లి
పైడితల్లి